డ్రైవరుగారి పడవ కారూ, దాని కడుపులో శబ్దమూ

మా పక్కింటి ఇంజను డ్రైవరుగారు మొన్న బుధవారం పోయారు. మధ్యాహ్నం భోజనం చేసి, కారు తుడిచిన గుడ్డ ఉతికి బానెట్టు మీద ఆరేసి, పడక్కుర్చీలో వాలారట. గుడ్డ ఆరేలోగా ఆయన లేరు. నేనప్పుడు తాడేపల్లిగూడెంలో ఉన్నాను. ఏలూరు నుంచి కబురు తెచ్చిన మనిషి, "డ్రైవరమ్మగారు మిమ్మల్ని వెంటనే రమ్మన్నారండి. రేపు శవపెట్టె వెనకాల కారు కూడా రావాలటండి. నడపడానికి మీరు తప్ప ఎవరూ లేరటండి" అన్నాడు. ఏడవబోతున్నవాణ్ణి ఆగిపోయాను. పోతూ పోతూ కూడా నాకు పని అప్పజెప్పిన మనిషిని గురించి ఏడుపుమొహంతో రాయడం నావల్ల కాదు. పాఠకులు మన్నించాలి.

డ్రైవరుగారంటే రైలు డ్రైవరు కారు. రైసుమిల్లులో ముప్ఫై ఏళ్ళు ఇంజను నడిపిన డ్రైవరు. చిన్నతనంలో చెవుల్లో చీము కారి వినికిడి పోయింది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొంత అందేది. మర్యాద తప్పకుండా అరవడం ఎంత కష్టమో మా వీధివాళ్ళని అడగండి. "ఏవండోయ్, కాఫీ పుచ్చుకుంటారాండీ!" అని ఆయన భార్య కేక పెడితే, మా వీధిలో ముగ్గురు "ఇప్పుడే తాగామండీ" అని జవాబు చెప్పేవారు.

మరి చెవులు లేని మనిషి ఇంజను ఎలా నడిపారు? పళ్ళతో. రెండు మూరల సరుగుడు కర్ర ఒకటి ఉండేది ఆయన దగ్గర. దాని ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస ముందుపళ్ళతో కరిచిపట్టి, కళ్ళు మూసుకునేవారు. రోగం ఎక్కడుందో చెప్పేసేవారు. నేను బి.ఏ.లో ధ్వనిశాస్త్రం చదివి, పరీక్ష రాసి, మర్నాడే మరిచిపోయాను. ఆయన అది కొరికి నేర్చుకున్నారు.

"చెవి మొహమాటస్తురాలండి. ఎవరేమంటే అదే వింటుంది. పన్నుకి మొహమాటం లేదు" అనేవారు.

మిల్లు పని మానేశాక ఆయన ప్రపంచం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అది ఓర్చుకోలేక కారు చేసుకోవడం మొదలుపెట్టారు. ఎవరో పారేసిన పాతకారు చక్రాలూ, ఇంజనూ, గేరుబాక్సూ సంపాదించారు. ఒక ఇంగ్లీషు పత్రికలో రేసుకారు బొమ్మ దొరికింది. రెండే సీట్లు, వెనక భాగం పడవలా సన్నగా, కోసుగా ఉంది. డ్రైవరుగారు ఆ బొమ్మ పట్టుకుని కొల్లేటి గట్టున పడవలు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్ళి, "ఇలా పడవ చేసిపెట్టండి" అన్నారు. వడ్రంగి ఇచ్చిన మాట తప్పలేదు. నిజంగా పడవే చేశాడు. సందుల్లో పీచు కూరి, తారు పూసి, చుక్క నీరు దూరకుండా చేశాడు. దూరకపోవడం సరే, పైనుంచి పడిన వాన నీరు బయటికి పోవడం కూడా లేదు. మొదటి వర్షాకాలం మేమిద్దరం చీలమండల లోతు నీళ్ళలో కూర్చుని ఊరు తిరిగాం.

మేమిద్దరం అంటే, డ్రైవింగు నాది. కర్ర కరుచుకుని వినడం ఆయనది. రెండు పనులూ ఒక్కరు చేయలేరు కదా. "పోనివ్వండి బీయ్యేగారూ" అనేవారు. నా డిగ్రీకి అంత గౌరవం మరెక్కడా దొరకలేదు.

ఏడాది బాగానే తిరిగింది. ఆ తరవాత శబ్దం మొదలైంది. గేరు మార్చినప్పుడల్లా "గడగడ... ఠక్!" ఊరందరూ గేరుబాక్సే అన్నారు. డ్రైవరుగారు మూడుసార్లు విప్పి చూశారు. లోపల అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఒక బస్సు డ్రైవరు అందులో అరటితొక్కలు వెయ్యమన్నాడు. వేశాం. ఎదురింటాయన ఆముదం పొయ్యమన్నారు. పోశాం. శబ్దం తగ్గలేదు గానీ, మా కారు వీధి మలుపు తిరక్కముందే పిల్లలు వాసన పట్టి పారిపోవడం మొదలుపెట్టారు.

ఇంతలో అసలు ఉపద్రవం వచ్చింది. డ్రైవరుగారి ముందుపళ్ళు కదిలి, చిగుళ్ళు వాచి, దవడ బూరెలా పొంగింది. సోమవారం వస్తే అన్నీ తీసేస్తానన్నాడు పళ్ళ డాక్టరు. అది శుక్రవారం.

"పీకించుకోండీ, పడుకోండీ!" అని అరిచింది ఆయన భార్య.

"పీకాక ఆ కర్ర దేంతో పట్టుకోమంటావు?" అన్నారాయన, నెమ్మదిగా. "వినడానికే కదటే ఈ కారు చేసుకున్నాను. సోమవారం తరవాత నాకేమీ వినపడదు. ఈలోగా ఇదేమిటో తెలియాలి."



ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే బయల్దేరాం. దవడకి తుండుగుడ్డ కట్టుకుని, కర్ర కరుచుకుని కూర్చున్నారు. "ముందు ఎప్పుడు అని అడగాలి. తరవాత ఎక్కడ అని అడగాలి. ఎందుకన్నది అదే చెబుతుంది." ఇది ఆయన పద్ధతి. ఎప్పుడు? గేరు మార్చినప్పుడు. అయితే గేరు ముట్టుకోకుండా, ఠపీమని బ్రేకు వెయ్యమన్నారు. "గడగడ, ఠక్!" ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఇంజను ఆపేసి, న్యూట్రలులో పెట్టి, నన్ను దిగి తొయ్యమన్నారు. కాస్త తోసి పట్టి ఆపాను. "ఠక్!" ఆ విధంగా మా గేరుబాక్సు, మూడుసార్లు కోత కోయించుకున్న తరవాత, నిర్దోషి అని తేలి విడుదలైంది. గేరు మార్చినప్పుడు కారు కుదుపుకి ఇంకేదో కదులుతోందన్న మాట.

ఇక ఎక్కడ? కర్ర గేరుబాక్సు మీద పెట్టారు, తల అడ్డంగా ఊపారు. నేల చెక్క మీద పెట్టారు. సీటు వీపు మీద పెట్టారు. చివరికి దిగి, వెనక తోక మీద పెట్టి, "తొయ్యండి" అన్నారు. తోశాను. ఆయన కళ్ళు ఇంతింతలయ్యాయి. కర్ర చేతిలోకి జారింది. వాచిన దవడతో, నొప్పితో, నడిరోడ్డు మీద కూలబడి నవ్వారు.

"దొర్లుతోందండి బీయ్యేగారూ! గుండ్రంగా ఉంది. లోపల బోలు. ఆ లోపల మళ్ళీ ఇంకోటి కదులుతోంది!"

తోక నాలుగువైపులా మూసేసిన చెక్కపెట్టె. దాని సంగతి ఒక్క వడ్రంగికే తెలియాలి. తిన్నగా కొల్లేరు వెళ్ళాం. వడ్రంగి ఏమాత్రం తడుముకోలేదు.

"కొబ్బరికాయండి. కొత్త పడవకి మంచికని వెనక కడుపులో కాయ కట్టకుండా పంపిస్తానాండి? పురికొసతో కట్టాను. చివికి తెగినట్టుంది. కాయలో నీళ్ళింకి, కొబ్బరి ఊడి కురిడీ అయిపోయుంటుంది, అందుకే ఆ లోపలి చప్పుడు."

"ఇది కారయ్యా!" అన్నాను.

"పడవ చెయ్యమన్నదెవరండి మరి?"

పాపం వడ్రంగి ఉలి తెచ్చి, చెక్క ఊడదీసి కాయ తీసేస్తానన్నాడు. డ్రైవరుగారు ఆగమని చెయ్యెత్తారు. కర్ర గట్టున పడేసి, వట్టి నోటితో తన సీట్లో కూర్చుని, వీపు బాగా ఆనించారు. "ఒక్కసారి గట్టు మీద పోనిచ్చి గేరు మార్చండి" అన్నారు. మార్చాను. కాయ దొర్లుకుంటూ ముందుకొచ్చి, మా సీటు వెనక చెక్కని ఠక్కున కొట్టింది. వీపు మీద ఎవరో చరిచినట్టుంది.

ఆయన నా వైపు తిరిగారు.

"తియ్యొద్దని చెప్పండి. రేపటినుంచి నాకు వినపడేది ఇదొక్కటే."

సోమవారం పళ్ళు పోయాయి. తరవాత కట్టుడుపళ్ళు వచ్చాయి గానీ, "ఇవి తినడానికేనండి, వినడానికి పనికిరావు" అని తేల్చేశారు. ప్రార్థనకి వచ్చేవాళ్ళలో ఒకాయన, క్రైస్తవుడి కారులో కొబ్బరికాయేమిటని ఆయన చెవిలో అరిచి అడిగితే, "అది మతం కాదండి, పడవపని" అన్నారు. అప్పటినుంచి నేను ఊళ్ళో ఉన్న ప్రతి సాయంత్రమూ షికారు. గేరు మారడం, కాయ తట్టడం, ఆయన బోసినోటితో నవ్వడం. కట్టుడుపళ్ళు జేబులో ఉండేవి.

ఆవిడ మాత్రం ఆ కారు ఒక్కసారీ ఎక్కలేదు. "పడవెక్కాలంటే కొల్లేరే వెళతాను" అనేది.

గురువారం పెట్టె వెనక కారు నడిపాను. నడిచేవాళ్ళ వెంట కాబట్టి సమాధుల తోట దాకా ఒకటో గేరే. మార్చే పని లేదు. కాయ కూడా నోరెత్తలేదు. అంతా అయి జనం వెళ్ళిపోయాక, ఆవిడ వచ్చి, ఏమీ అడగకుండా ఆయన సీట్లో కూర్చుంది.

"ఇంటికి పోనీ బాబూ" అంది. ఎవరికోసమో అలవాటుగా అరిచి, మళ్ళీ గొంతు తగ్గించుకుని, "పోనీ" అంది.

కాలవగట్టు మీదికి రాగానే రెండో గేరు వేశాను. ఠక్!

ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. మెల్లిగా ముందుకి తిరిగింది.

"ఇందుకేనా, ఆయన రోజూ నవ్వుకుంటూ వచ్చింది?"

తల ఊపాను.

పైట సర్దుకుని, వీపు పూర్తిగా ఆ చెక్కకి ఆనించి, కళ్ళు మూసుకుంది. "ఇంకోసారి మార్చు బాబూ" అంది.

ఆ రోడ్డు చాప పరిచినట్టుంటుంది. గేరు మార్చవలసిన అవసరం ఎక్కడా లేదు. ఇల్లు చేరేదాకా మారుస్తూనే ఉన్నాను.