తువ్వాలు ఆరేసిన నెలలు

పరాయి దేశంలో పనిచేసేవాళ్లు ఇంటికి పంపే డబ్బుని ఆ సందులో ‘తువ్వాలు’ అంటారు. "ఈ నెల తువ్వాలొచ్చిందా వదినా?" అని నడివీధిలో నిలబడే అడిగేస్తారు. ఏళ్లతరబడి అక్కడెక్కడో పైపులు బిగించి, నడుం పట్టేసి తిరిగొచ్చిన ప్లంబరుకి ఈ మాట వింతగా తోచింది. తను వెళ్లేనాటికి లేదు మరి.

"డబ్బుకి ఆ పేరెవరు పెట్టారమ్మా?" అని పక్కింటి కోడల్ని అడిగాడు.

ఆ పిల్ల పకపకా నవ్వింది. "భలేవారే బాబాయ్! పుట్టిందే మీ ఇంట్లోనట. మీ డబ్బు అందిన రోజున పిన్ని మేడమీద పిట్టగోడకి మీ ఎర్ర తువ్వాలు ఆరేసేదట. ఎదురింట్లో మీ అమ్మగారు మెట్లెక్కలేరు, చెవులా వినపడవు. అది చూసి, కొడుకు క్షేమమని నిమ్మళంగా ఉండేవారట. ఒక్క నెలా తప్పలేదని మా అత్తయ్య చెప్పింది. అంతొచ్చినా ఎవరికీ చేబదులివ్వదని పిన్నిని పిసినారి అని..." అని నాలిక్కరుచుకుంది.

ప్లంబరు నవ్వబోయాడు. ఫోన్లో తమ్ముడు చెబితే తనూ ఆ పేరుతోనే భార్యని ఏడిపించినవాడే. అంతలో ఏదో తట్టింది. ఒక్క నెలా తప్పలేదా? కంపెనీ మూతపడిన ఆ వానాకాలమంతా తను పైసా పంపలేదే!

ఇంట్లో భార్య మిషను మీద దిండు గలీబులు కుడుతోంది.

"నేను పంపని నెలల్లో తువ్వాలెందుకు ఆరేశావే?"

"ఉతికాను, ఆరేశాను," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"హాస్యాలొద్దు."

"తువ్వాలు కనపడకపోతే మీ అమ్మ అన్నం ముట్టదు. మీరు క్షేమమే కదా, లేనిది డబ్బేగా!"

"మరి ఇల్లెలా గడిచింది?"

"కుట్టాను. కష్టం అది కాదు. తువ్వాలు చూడగానే మీ తమ్ముడితో సహా చేబదులుకి బయల్దేరేవాళ్లు. లేవంటే గుట్టు బయటపడుతుంది. అందుకే, ఉన్నాయి, ఇవ్వను అనేదాన్ని."

ప్లంబరు లేచి చెప్పులేసుకున్నాడు. "ఇప్పుడే అందరికీ చెప్పొస్తాను."

"ఆగండి మహానుభావా! అప్పుడు పడాల్సిన దిగులంతా మీ అమ్మ ఇప్పుడు తీరిగ్గా కూర్చుని పడుతుంది."

గడప దాటలేక, చెప్పులు విడవలేక ఆయన అక్కడే నిలబడ్డాడు. అప్పుడే తమ్ముడు వచ్చాడు. "ఏం పిసినారి వదినా, టీ అయినా పోస్తావా?" అన్నాడు అలవాటుకొద్దీ.

"ఇంకోసారి ఆ మాటన్నావంటే బాగుండదు," అన్నాడు అన్న.

తమ్ముడు తెల్లబోయాడు. "ఏమైందన్నయ్యా?"

"ఏం కాలేదు. కూర్చో. టీ నేను పెడతాను."

తమ్ముడు అయోమయంగా వదిన వంక చూశాడు. ఆవిడ తల ఎత్తలేదు. మిషను మాత్రం జోరందుకుంది.