తలచుకున్న పండు వాసన

మా అమ్మాయి బెంగుళూరు నుంచి వస్తూ ఒక సెంటు సీసా తెచ్చింది. అందరూ పూసుకునే రకం కాదట, ఎవరో పనిగట్టుకొని కొద్ది సీసాలే చేస్తారట. నంద్యాల ఎండకు చెమట పట్టిన నా మణికట్టు మీద ఒకసారి చిమ్మి, తొందరపడి వాసన చూడొద్దు, కాసేపు ఆగమంది. ఆగాను. మొదట బాగా మాగిన పండు వాసన వచ్చింది. ఏ పండో చెప్పలేను గాని నోట్లో నీళ్ళూరించే పండే. అది తగ్గుతుంటే దాని వెనకనుంచి పువ్వు వచ్చింది, కాస్త పచ్చిగా, కాస్త మత్తుగా. వంట ముగించి చేతులు కడుక్కున్నాక కూడా బెల్లం పాకంలాంటి తీపి ఒకటి ఒంటిని వదలకుండా ఉండిపోయింది. "పండూ పువ్వూ ఒకే దాంట్లో! ఎంత కొత్తగా ఉందో చూడమ్మా" అని అది మురిసిపోతుంటే నాకు నవ్వాగలేదు. ఈ కొత్త వాసన ఆళ్ళగడ్డలో మా పుట్టింటి ఎనుముల కొట్టం పక్కన, ఎవరూ పట్టించుకోకపోయినా గోడెత్తు పెరిగి ఉండేది.

అది మనోరంజితం పొద. మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, కొత్త కోడలిగా వచ్చేటప్పుడు ఉయ్యాలవాడలోని పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి, బండిలో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకున్న మొక్క. పుట్టింట్లో వాళ్ళమ్మ పోయాక ఆమెకు అక్కడిదని మిగిలింది ఇదొక్కటే. ఇంట్లో ఎవరిమీద కోపమొచ్చినా వెళ్ళి ఆ పొద పక్కనే కూర్చునేది, అందుకే మా అమ్మ "మీ జేజికి కొడుకులకన్నా ముందు పుట్టిన బిడ్డ అది" అని ఎత్తిపొడిచేది.

ఆ పువ్వు మహా దొంగది. ఆకు రంగులోనే ఆకుల మాటున దాక్కుంటుంది, కంటికి చచ్చినా దొరకదు. పసుపు తిరిగిన పూట మాత్రం దాచుకోలేక వీధి మొదటిదాకా వాసన కొడుతుంది. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీసేవేళ పిల్లలమంతా కుక్కల్లా ముక్కులెగరేసుకుంటూ పొదలో దూరేవాళ్ళం. దొరికిన పువ్వును అరచేతుల్లో మూసి, కళ్ళు మూసుకొని, మనసులో ఒక పండును తలచుకుంటే ఆ పండు వాసనే వస్తుందని మా నమ్మకం. ఏ పండో పైకి చెప్పకూడదు, చెబితే మళ్ళీ రాదు. గడ్డిలో మాగేసిన బనగానపల్లె మామిళ్ళ మీదే నా ధ్యాసంతా. దసరా దాటితే నల్లమల నుంచి చెంచు ఆడవాళ్ళు గంపల్లో తెచ్చే సీతాఫలాలకు మారేదాన్ని. మా చిన్నాయన కొడుకు ఓబులేసు పనసపండు మొహం చూసి ఎరగడు, వాడు కూడా పనస వాసన వచ్చిందని తల మీద చెయ్యి పెట్టుకొని ఒట్టేసేవాడు.

ఇలా ఉండగా ఒక ఉగాది ముందురోజు, ఇల్లంతా ఓళిగలకు, అదే బొబ్బట్లకు, ఉడుకుతున్న బేడల వాసనతో నిండి ఉన్నప్పుడు, పొదలోంచి జెర్రిపోతు ఒకటి బయటికొచ్చి ఎనుము కాళ్ళ మధ్య నుంచి పోయింది. ఎనుము బెదిరి పాల చెంబు తన్నేసింది. మా జేజినాయన, జేజి మొగుడు, అసలే కోపధారి. మా నోట్లో మాట నోట్లో ఉండగానే గొడ్డలి తెచ్చాడు.

"ఈ పాడు వాసనకే పాములొస్తాండాయి. పిల్లోళ్ళు తిరిగే చోటు. కొట్టేస్తాండా."

జేజి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి పొదకు అడ్డం నిలబడింది.

"జెర్రిపోతు ఎలకల కోసం వస్తాది గాని పూలు పెట్టుకోను వస్తాదా?"

"ఎందుకొచ్చినా పామే గదా. పక్కకు జరుగు."

జేజి ఏడవడం మేమెప్పుడూ చూడలేదు, ఆ రోజు కూడా ఏడవలేదు గాని పెదవి అదిరింది. ఓబులేసు నా జడ పట్టుకొని నిలబడ్డాడు. ఆమె లోపలికి చెయ్యి పెట్టి, బాగా పండిన పువ్వొకటి తెంపి ఆయన ముందు చాచింది.

"కండ్లు మూసుకోని ఒక పండు తల్సుకో. ఆ వాసన రాకుంటే కొట్టేసెయ్. నేను అడ్డం రాను."

జేజినాయనకు పొద్దున లేచింది మొదలు ముక్కు నిండా నశ్యమే. సాంబారు మాడినా, దీపం వత్తి కమిలినా ఆయనకు తెలిసేది కాదు. అలాంటి ముక్కు మీద జేజి తన పుట్టింటి చెట్టును పందెం పెట్టింది. ఆయన గొడ్డలి గోడకు ఆనించి, తువ్వాలుతో ముక్కు తుడుచుకొని, పువ్వు తీసుకొని కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. కళ్ళు తెరిచి జేజి వైపు చూశాడు.

"వచ్చిందిలే" అన్నాడు.

"ఏ పండు?" అంది జేజి.

"చెప్తే మల్లా రాదంట గదా" అని గొడ్డలి భుజాన వేసుకొని కొట్టంలోకి వెళ్ళిపోయాడు. మేం ఎగిరి గంతులేశాం. ఆ ఉగాదికి ఆయన విస్తట్లో ఓళిగల మీద నెయ్యి ధార కట్టింది.

నా పెళ్ళికి ముందు అరుగు మీద కూర్చొని పూలు కడుతుంటే, జేజినాయన పక్కన చేరి పొడి డబ్బీ తట్టుకుంటున్నప్పుడు అడిగాను, ఆ రోజు ఏ పండు తలచుకున్నావని. ఇంట్లోకి తొంగిచూసి గొంతు తగ్గించాడు.

"ఏ వాసనా రాలేదు పాపా. నశ్యం తప్ప ఇంకోటి తెలిసి శానా ఏండ్లాయ."

"మరి జేజికి తెలీదా?"

"నా మొగమే చూస్తా నిలబడిండె. ఆ యమ్మకు తెలీకుండా ఉంటాదా? తెలిసే రెండోసారి అడగలే."

లోపల జేజి జొన్న రొట్టెలు తడుతూ ఎవరినో తిడుతోంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఇల్లు భాగాలైంది, ఎనుముల కొట్టం పోయి అక్కడ మిద్దె లేచింది, పొద ఉన్నచోట సిమెంటు గచ్చు పోసి మోటారు సైకిళ్ళు పెడుతున్నారు. కళ్ళు మూసుకొని పండు తలచుకునే పిల్లలు ఆ వీధిలో కనబడరు. ఆళ్ళగడ్డకు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ గచ్చు మీద కాలు పెట్టబుద్ధి కాదు.

ఇదంతా విని మా అమ్మాయి సీసా మూత బిగిస్తూ అడిగింది.

"జేజినాయన ఉండుంటే దీన్ని ఏమనేవాడమ్మా?"

"నువ్వడిగితే దీనికంటే నశ్యమే మేలనేవాడు. జేజి అడిగితే మాత్రం శానా బాగుందనేవాడు."