మర్ఫీలందరూ చుట్టాలు కారు

కిరాణా కొట్టులో పెరిగినదాన్ని. బేరానికి ముందు ఎదుటివాళ్ళ ఇంటిపేరు కనుక్కుని, ఎక్కడో ఒక చుట్టరికం తగిలించడం మా నాన్న నేర్పిన విద్య. కెనడాలోని విన్నిపెగ్‌కి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, ఒక జనవరి సాయంత్రం ఆ విద్యే ప్రయోగించాను. స్నేహితురాలి గది ఖాళీ చేయాల్సిన రోజు అది. ఊరినిండా నాలాంటి స్టూడెంట్లే, అద్దెకు గదులే లేవు. ఆ చలిలో బయట ఉంటే తెల్లారేసరికి బతకనన్న భయంతో, పెట్టె పట్టుకుని, గది అద్దెకిస్తాడని విన్న ఒక ముసలాయన గుమ్మంలో నిలబడ్డాను. ఆయన పేరు మర్ఫీ.

"మా ప్రొఫెసర్ కూడా మర్ఫీనే అంకుల్! మీకేమవుతారు? నేను మీవాళ్ళ శిష్యురాలిని, అద్దె కాస్త చూసి చెప్పండి," అన్నాను, పళ్ళు టకటకలాడుతుంటే.

ఆయన పగలబడి నవ్వాడు. "ఏమీ కాడు. ఐర్లండ్‌లో ఎక్కడెక్కడివాళ్ళో విడివిడిగా పెట్టుకున్న పేరది. సముద్రవీరుడని అర్థం. కరువొచ్చినప్పుడు ఆ వీరులంతా ఓడల్లో వాంతులు చేసుకుంటూ తలో దేశానికీ చెదిరిపోయారు. మా ముత్తాతతో ఎక్కినవాళ్ళు దారిలోనే పోయారు. ఇక్కడ ఆయనొక్కడే దిగాడు. మరి మీ ఇంటిపేరువాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది?"

అబద్ధమాడదామనుకున్నాను. కానీ ఆ ప్రశ్నతో నిజం గుర్తొచ్చింది. రేపు నేను కనపడకపోతే వెతికేదెవరు?

"ఎవరూ లేరు," అన్నాను. బేరమాడేవాళ్ళు నోరు జారి కూడా అనకూడని మాట అది.

ఆయన నా పెట్టె అందుకున్నాడు.

"అయితే నువ్వే మొదటిదానివి. లోపలికొచ్చి తలుపెయ్యి, చలి దూరుతోంది."