గోడకీ చేతికీ ఒకటే చప్పుడు

యార్డులో పైపుల అతుకులను ఫోటో తీయడం ఆయన పని. మామూలు వెలుతురుతో కాదు, గామా కిరణాలతో. బరువైన పెట్టెలోంచి గింజంత ఇరిడియం బయటికి వస్తే చాలు, దాని కిరణాలు ఇనుమును దాటిపోయి, అవతలి ఫిల్ము మీద అతుకులోని పగుళ్లను గీసిపెట్టేవి. పనివాళ్లంతా ఆయన్ని గామా మామ అనేవారు.

కొత్తవాళ్లకు ఆయన చెప్పే మొదటి పాఠం ఇది. "ఆల్ఫా ఉత్త బద్ధకస్తుడు, కాగితం అడ్డం పెడితే ఆగిపోతాడు. బీటాకి అల్యూమినియం రేకు చాలు. గామా ఉన్నాడే, మొండిఘటం. మందపాటి సీసం ఉంటేగానీ దారికి రాడు."

ఒకనాడు ఆ గింజ దాన్ని బయటికి తోసే తీగ కొసనుంచి ఊడి కింద పడింది. ఏదో మరమేకు అనుకుని ఆయనే తీసి పక్కన పెట్టాడు. వేడి లేదు, మెరుపు లేదు. కొన్నాళ్లకు వేళ్లు బొబ్బలెక్కి తోలు ఊడింది. కొత్త తోలు వచ్చింది గానీ, దానికి ఏదీ తెలియదు. వేడి గ్లాసైనా చన్నీళ్లైనా ఒకటే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మెల్లగా ఆయన మాటల్లోకీ పాకింది.

కూతురు చంటిపాపతో ఇంటికొచ్చింది. ఆయన తన గది గుమ్మం దాటి రాలేదు.

"ఎత్తుకో నాన్నా."

"వద్దమ్మా. నాలో ఇంకా ఉందేమో."

"ఇదేం చోద్యం!" అంది భార్య. "ఇన్నేళ్లూ నా పక్కనే పడుకున్నారు. అప్పుడు లేని గామా ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?"

"నువ్వు గట్టిపిండానివి."

ఆమె ఆ యార్డులోనే వెల్డరుగా ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. సాయంత్రం అతను కిరణాలను పసిగట్టే మీటరు పట్టుకొచ్చి, ముందుగా గోడకు ఆనించాడు. టిక్... టిక్‌టిక్... టిక్.

"గోడలోనూ ఉందా బావా?"

"ఇటుకల్లో, మట్టిలో ఎంతో కొంత ఉంటుందిలే."

"అయితే చెయ్యి పెట్టు."

టిక్... టిక్... టిక్‌టిక్.

"నీకూ గోడకీ తేడా లేదు బావా. మా అక్క ఎప్పుడో చెప్పింది."

కూతురు నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు. దీపం ఆర్పాక గదిలో వెలుతురు మిగలదు. కిరణాలూ అంతే, వేళ్లలోంచి దాటిపోయాయి. దుమ్మై అంటుకుని ఉంటే వేరే సంగతి, కానీ ఆ గింజ మూసిన గుళికలో ఉండేది. ఈ మాట ఎందరికి చెప్పాడో. ఇవాళే ఎవరో తనకు చెప్పినట్టుంది.

చేతులు చాచి పాపను అందుకున్నాడు. బరువు తెలిసింది. మెత్తదనం తెలియలేదు. వేళ్ల కింద పాప ఉందో, గుడ్డల మూటే ఉందో.

"పట్టు జారుతోంది, ఇటివ్వండి" అంది భార్య.

పాప తల దొర్లి మోచేతి మడతలోకి ఒదిగింది. ఊపిరి అక్కడ వెచ్చగా తగిలింది.

"ఉండవే" అన్నాడాయన. "ఇప్పుడే తెలుస్తోంది."