బుధుడు వక్రించిన రోజుల్లో మా తోటికోడలు

మా తోటికోడలు పోయిందన్న కబురు ముందుగా నాకు రాలేదు. శ్రావణ మాసం, గురువారం, ఉదయం ఆరింటికి పది నిమిషాలు తక్కువకి ఆమె కన్నుమూసింది. మూడిళ్ళ అవతల ఉన్న నాకు ఆరూ ఇరవైకి తెలిసింది. మా మరిది ముందు విశాఖలో హాస్టల్లో ఉన్న మా మనవరాలికి ఫోన్ చేశాడట. అది వాళ్ళ నాన్నకి చేసింది. మా అబ్బాయి మేడ దిగి వచ్చి నాకు చెప్పాడు. ఏడుపు కంటే ముందు నా మనసుకి తట్టింది ఆ అరగంట. నా ఇంటి పిల్లకి నాకంటే ముందు తెలిసింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆమె గురించి రాస్తూ నా సంగతి దాచుకుంటే, నలభై ఏళ్ళు ఆమె పక్కన ఉండి ఏమీ నేర్చుకోనట్టే.

నేను వెళ్ళేసరికి ఆమె గుమ్మం ముందు నలభై మూడు జతల చెప్పులున్నాయి. పోయిన నక్షత్రం మంచిదేనా, ఇల్లు కొన్నాళ్ళు వదలాలా అని ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. ఇన్నాళ్ళూ అలాంటిది అడగాలంటే ఆమెనే అడిగేవారు. ఇప్పుడు దిక్కులు చూసి, చివరికి నా వైపు తిరిగారు. నక్షత్రం నాకు తెలియదని, టైము మాత్రం చెప్పగలనని అన్నాను.

ఆ గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టడం నాకు కొత్త కాదు. సాయంత్రం మా వీధి అరుగు మీద కూర్చుంటే అవి కనిపించేవి. మామూలు రోజుల్లో నాలుగైదు జతలు, గ్రహం వక్రించిన రోజుల్లో పది పన్నెండు. నా గుమ్మం ముందు నావి ఒక్క జతే. నేను ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు ఏ రోజు ఏ మాటన్నారో తేదీతో సహా నా డైరీల్లో ఉంటుంది. ఆమె చదివింది ఐదో తరగతి. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ఇంటి పిల్ల. వాళ్ళ తాత జాతకాలు చూసేవాడట, ఆయన దగ్గర విన్నదే ఆమె చదువు. అయినా మనుషులు ఆమె గుమ్మమే ఎక్కారు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన కూడా అంతే. పొద్దున్న కాఫీ నా చేతిది తాగి, సలహాకి అక్కడికి వెళ్ళేవారు.

గ్రహం వక్రించడమంటే తెలియనివారికి చెబుతాను. గ్రహాలు నక్షత్రాల మధ్య నుంచి మామూలుగా ఒకే దిక్కుగా నడుస్తాయి. అప్పుడప్పుడు ఆగినట్టుండి, కొన్నాళ్ళు వెనక్కి నడుస్తున్నట్టు కనిపించి, మళ్ళీ ఆగి ముందుకు సాగుతాయి. ఆ వెనక నడకే వక్రం. బుధుడికి ఏడాదిలో మూడుసార్లు, ఒక్కోసారి మూడేసి వారాలు. ఈమధ్య ఫోన్లో వీడియోలు చూసి భయపడేవాళ్ళు ఎక్కువయ్యారు. బండి కొనకూడదని, కాగితాల మీద సంతకం పెట్టకూడదని ఎవరో చెబుతారు. వాళ్ళంతా ఈమె దగ్గరికి వచ్చి కూర్చునేవారు.

ఆమె ఎవర్నీ భయపెట్టేది కాదు, ఏ పనీ ఆపమనేది కాదు. బుచ్చయ్యపేట నుంచి చెరకు రైతు ఒకాయన శని వక్రంలో బోరు వేయించవచ్చా అని అడగడానికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

“బోరు తవ్వించుకో నాయినా. సెనికి నీ బోరుతో పనేటి? నువ్వు సగంలో ఒదిలేసిన పని ఏదో ముందు అది సూసుకో” అంది.

“సగంలో ఒదిలేసినవి రాత్తే నీ పుస్తకం సాలదు పిన్నీ” అన్నాడాయన.

“సాలకపోతే ఇంకోటి కొంటాను. రాయి.”

ఆమె పద్ధతంతా ఆ పుస్తకమే. వచ్చినవాళ్ళకి బడిపిల్లలు రాసుకునే నోటుబుక్కు ఒకటి చేతికిచ్చేది. వక్రం ఉన్నన్నాళ్ళూ రోజుకి ఒక్క వాక్యం రాయాలి. బుధుడైతే మనం అన్న మాట గురించి, శుక్రుడైతే మన ఇష్టం గురించి, కుజుడైతే మన కోపం, గురువైతే మన పెద్దరికం, శని అయితే మనం వదిలేసిన పని. ఎదుటివాళ్ళు మనకి చేసింది ఒక్క ముక్క కూడా రాయకూడదు. “ఆళ్ళ లెక్క ఆళ్ళ పుస్తకంలో ఉంటాది” అనేది. వక్రం విడిచిన రోజున ఎవరి పుస్తకం వాళ్ళు ఆమె ముందు చదువుకుని, అందులో సరిదిద్దగలిగింది ఒక్కటి ఎంచుకుని వెళ్ళి సరిదిద్దాలి. ఆ రైతు అలాగే వెళ్ళి తమ్ముడితో కలిసి సగంలో ఆగిన పంట కాలవ తవ్వుకున్నాడు. బోరు కూడా వేయించుకున్నాడు. ఆ ఏడాది మొదటి బెల్లం దిమ్మ తెచ్చి ఆమెకిచ్చాడు. మా ఇంటి ముందు నుంచే పట్టుకెళ్ళాడు.

ఒకసారి ఆమెకి బుద్ధి చెప్పాలనే నేను రైలు సంగతి చెప్పాను. విశాఖ వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లో మనం కిటికీ దగ్గర కూర్చుని ఉండగా, పక్క పట్టా మీద అదే దిక్కుగా గూడ్సుబండి మెల్లగా పోతుంటే, దాన్ని మనం దాటేటప్పుడు అది వెనక్కి పోతున్నట్టుంటుంది. గ్రహమూ అంతే, అసలు వెనక్కి పోనే పోదు, నీ వక్రమంతా కంటి భ్రమే అన్నాను. ఆమె చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. లేచి వెళ్ళి పుట్టింటి నుంచి తెచ్చుకున్న లక్కపిడతలు రెండు పట్టుకొచ్చి, నేల మీద ఒకదాని పక్కన ఒకటి జరిపి చూసుకుంది.

“ఎంత బాగా సెప్పేవప్పా. అయితే అది ఎనక్కెల్లడం లేదు, మనం దాన్ని దాటిపోతన్నాం. దాటిపోయేటప్పుడే దాని మొకం సరిగ్గా కనపడతాది” అంది. అప్ప అంటే వాళ్ళ వైపు అక్క.

ఆ వారంలోనే కూరల బజారులో ఒకావిడ నాకే ఆ రైలు కథ చెప్పింది, మీ తోటికోడలు ఎంత చక్కగా విడమరిచిందో అంటూ. ముప్పై రెండేళ్ళలో నా పాఠం ఒక్కటి కూడా బజారు దాకా రాలేదు. పైగా ఆ ఉదాహరణ శని, గురు, కుజులకే సరిపోతుంది. బుధ శుక్రుల విషయంలో మనల్ని దాటి ముందుకు పోయేది వాళ్ళే. ఆమె అన్నింటికీ ఒకటే చెప్పేది. ఆ తప్పు నా డైరీలో రాసి పెట్టుకున్నాను.

ఆమెకి పంచాంగంలో చిన్న అక్షరాలు ఆనేవి కావు. అందుకని ఏటా ఉగాది నాడు వక్రం మొదలయ్యే రోజులు, విడిచే రోజులు ఒక కాగితం మీద నేనే రాసిచ్చేదాన్ని. ఇరవై రెండేళ్ళు రాశాను. అది వంటింటి బీరువా తలుపుకి అంటించుకునేది. ఫోన్లో అన్నీ వస్తాయి కదా అని ఎవరైనా అంటే, అప్ప రాస్తే తప్పుండదని చెప్పేది. నన్ను మెచ్చుకున్నది అంతవరకే. నా గురించి ఆమె చెప్పే మాట మరొకటి ఉంది. రాహుకేతువులకి ఎప్పుడూ వక్రమే, సూర్యచంద్రులకి ఎప్పుడూ ఉండదు అని వచ్చినవాళ్ళకి చెబుతూ, ఒకసారి నేను గుమ్మంలో ఉండగానే అంది.

“మా అప్ప కూడా సూరీడే. అప్పకి వక్రం లేదు.”

అందరూ నవ్వారు. ఏనాడూ వెనక్కి తిరిగి చూసుకోని మనిషినని ఆమె భావం. ఆ సాయంత్రం ఆమె పంపిన పులిహోర నేను ముట్టలేదు.

ఇంక అసలు సంగతి. మా మనవరాలు బ్యాంకు పరీక్ష మూడోసారి తప్పింది. ఆ వారం ఇంటికి చుట్టాలు వస్తే, వాళ్ళ ముందు నేను మూడుసార్ల మార్కులూ వరసగా చెప్పాను. మొదటిసారి ఎన్ని తక్కువ, రెండోసారి ఎన్ని, మూడోసారి ఎన్ని. నిజమే చెప్పాను, ఒక్క అంకె తేడా లేదు. పిల్ల పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అందరితో నవ్వుతుంది, నేను గదిలోకి వస్తే ఊరుకుంటుంది. సాయంత్రమైతే చిన్న మామ్మ దగ్గరికి పోతుంది. అరుగు మీద నుంచి చూస్తే ఆ గుమ్మంలో దాని నీలం చెప్పులు కనిపించేవి.

ఉగాది వచ్చింది. కాగితం రాయడానికి కూర్చున్నాను. వేసవిలో వచ్చే బుధవక్రం, పిల్ల విశాఖ కోచింగుకి వెళ్ళకముందే వచ్చి పోతుంది. ఆ మూడు వారాలూ రోజూ అది అక్కడే కూర్చుని పుస్తకం రాస్తుంది, ఆమె ముందు చదువుతుంది. నాకు చెప్పనివన్నీ ఆమెకి చెబుతుంది. నేను ఆ తేదీని ఇరవై ఐదు రోజులు ఆలస్యంగా రాశాను. అప్పటికి పిల్ల హాస్టల్లో ఉంటుంది. నా జీవితంలో తెలిసి తెలిసి రాసిన తప్పు అంకె అదొక్కటే. కాగితం ఆమె కళ్ళకి అద్దుకుని తీసుకుంది.

అయితే ఏమైంది? నేను రాసిన రోజులు రాగానే పిల్ల శనివారం శనివారం విశాఖ నుంచి రైలెక్కి వచ్చింది. బ్యాగు మా ఇంట్లో పెట్టకుండా, మా గేటు ముందు నుంచి నడిచి, ఆ ఇంటికి పోయి రాత్రికి అక్కడే పడుకుంది. రెండో శనివారం నేను ఓర్చుకోలేక వెళ్ళాను. పిల్ల పెరట్లో ఉంది. గుమ్మంలోనే నిలబడి, నా మనవరాలికి నా మీద ఏమి ఎక్కిస్తున్నావని అడిగాను.

ఆమె బియ్యం ఏరుకుంటోంది. చేట పక్కన పెట్టింది. “నీ మాట ఈ ఇంట్లో ఎత్తనివ్వనప్పా. అది రాసుకునేది అది సేసిందే. నీతో మాటాడకుండా అది ఉన్న రోజులు రాసుకుంటంది.”

నేను నమ్మలేదు. ఆమె ఒక కొత్త నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టబోయింది. “నువ్వూ రాయి. నువ్వు రాసిచ్చిన రోజులే కదా” అంది. నేను పుచ్చుకోకుండా వచ్చేశాను. ఆ తరవాత రెండు నెలలకి ఆమె గుండె ఆగింది. ఆ మధ్యలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలు పదిలోపే.

పెద్దకర్మ అయిన మర్నాడు మా మనవరాలు నా గదిలోకి వచ్చింది. చేతిలో బీరువా తలుపు నుంచి ఊడదీసిన ఆ కాగితం ఉంది.

“మామ్మా, ఈ తేదీ తప్పు కదా” అంది.

రెండు వందల పదకొండు రోజుల తరవాత విన్న మొదటి మాట అది. అవునన్నాను. తెలిసే రాసేవా అని అడిగింది. తెలిసే రాశానన్నాను. అప్పుడు చెప్పింది. ఉగాది దాటిన వారానికే అది ఫోన్లో అసలు తేదీ చూసి వాళ్ళ చిన్న మామ్మకి చూపించిందట. ఆమె ఫోను చూసి, కాగితం చూసి, ఫోను తిరిగి ఇచ్చేసిందట.

“తరవాత ఏమందో తెలుసా? ‘మీ మామ్మ సెయ్యి తప్పు రాయదే. రాసిందంటే ఆవిడికీ వక్రం వచ్చిందన్నమాట. ఈ రోజులే పాటిద్దాం. వక్రం వచ్చినోళ్ళు తిరిగి ముందుకే వత్తారు, మనం తొందరపెట్టకూడదు’ అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది.”

అంటే నేను ఆ గుమ్మంలో నిలబడి అరిచిన రోజున ఆమెకి అంతా తెలుసు. నువ్వు రాసిచ్చిన రోజులే కదా అన్నప్పుడు ఆ ముఖంలో వెటకారం లేదు. నేను ఎంత వెతుక్కున్నా అలాంటిదేదీ గుర్తుకి రావడం లేదు. ఐదో తరగతి చదివిన మనిషిని నేను నలభై ఏళ్ళు వెనకబడ్డదనే అనుకున్నాను. బుధుడి లెక్క నాకు తెలియనిదేం కాదు. దాటిపోయేది తనే అయినా, మన కంటికి వెనక్కి నడుస్తున్నట్టే ఉంటాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళి, కిటికీలో ఉన్న ఆ కొత్త నోటుబుక్కు నేనే తెచ్చుకున్నాను. మొదటి పేజీలో ఒక వాక్యం రాశాను. చుట్టాల ముందు పిల్ల మార్కులు చదివాను. సాయంత్రం అది దాని చేతికిచ్చాను. చదివి తిరిగి ఇచ్చేసింది.

“లెక్క సరిపోలేదు మామ్మా. రెండోది రాయలేదు.”

దాని ముందే కూర్చుని రెండోది రాశాను. తెలిసే తేదీ తప్పు రాశాను.

మా మరిది ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇంటి తాళం మా మనవరాలికే ఇచ్చి వెళ్ళాడు, నాకు కాదు. శనివారాలు అది వచ్చి ముందు అక్కడ దీపం పెట్టి, తలుపు వేసి, తరవాత మా ఇంటికి వస్తుంది. నా పక్కన అరుగు మీద కూర్చుని ఆ వారం చదివింది చెబుతుంది. నేను అడిగినవాటికి జవాబు చెబుతుంది, ఒక్కోసారి అడగనివి కూడా. రెండుసార్లు నవ్వింది. కానీ ప్రతిసారీ కాళ్ళకి చెప్పుల్లేకుండానే వస్తుంది. ఇన్నాళ్ళ అలవాటున వాటిని అక్కడే విడిచి, ఆ సంగతి మరిచిపోయి, మూడిళ్ళు నడిచి వచ్చేస్తుంది. తెచ్చుకోమని చెబుదామని నోటిదాకా వస్తుంది. చెప్పను. దాని మాటలు వింటూ అటు చూస్తాను. తాళం వేసిన ఆ గుమ్మం ముందు నీలం చెప్పులు ఒక్క జత, ఇంట్లో ఎవరో ఉన్నట్టు, లోపలి వైపుకి తిరిగి ఉంటాయి.