పువ్వు పూర్తయ్యేదాకా కేకు తీయకూడదు

మా మరిది ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు తోలాడు. మా ఆయనకి సొంత తమ్ముడు. అన్నేళ్ళలో బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదు. రిటైరై ఇంట్లో కూచున్నాక మాత్రం వారం తిరక్కుండా పెళ్ళాం కాళ్ళకి అడ్డం పడ్డం మొదలెట్టాడు.

ఆవిడ, అంటే మా తోడికోడలు, ఓ హాస్టల్లో వంట చేసి చేసి తనూ అప్పుడే మానేసింది. దిండు గలేబుల మీద పువ్వులు కుట్టుకుంటూ హాయిగా కూచుందామనుకుంది. ఈయన కూచోనిస్తేగా! ఫ్రిజ్జు తలుపుని బస్సు అద్దంలా రోజుకి మూడుసార్లు తుడుస్తాడు. వంటింటి డబ్బాలన్నీ దించుతాడు, మళ్ళీ ఎక్కిస్తాడు.

"అక్కా, మీ మరిదిని ఓ నాలుగు రోజులు మీ ఇంట్లో ఉంచుకో, నా ప్రాణం తోడేస్తున్నాడు" అని నాకు ఫోను.

"నాకొద్దు తల్లీ, నా కొంపలో ఉన్నాయన చాలు" అన్నాను.

ఇంక గతిలేక ఓ గిన్నెలో గుడ్లూ పంచదారా వేసి చేతికిచ్చిందట, గిలక్కొట్టమని. అంతే, తగులుకున్నాడు. మైదా జల్లించడం, వెన్న కరిగించడం, గిన్నెకి నూనె రాయడం, అన్నీ నేర్చేసుకున్నాడు. కానీ ఏ కేకూ పొంగేది కాదు. పొంగినట్టే పొంగి మధ్యలో ఇంత గుంట పడేది. ఎందుకు పడదూ? ఓవెన్లో పెట్టిన దగ్గర్నించీ రెండు నిమిషాలకోసారి తలుపు తీసి చూస్తాడు. అన్నేళ్ళూ అద్దంలో వెనకాల ఏం వస్తోందో చూసుకుంటూ బతికినవాడు. చూడకపోతే ఊపిరాడదు.

"అన్నిసార్లు తొంగి చూస్తావేంటయ్యా, దాన్నేమన్నా రివర్సు తీస్తున్నావా?" అనేదాన్ని.

గడియారం పెట్టుకోమంటే వినడు. "ముప్పై నాలుగేళ్ళు అది నన్ను తరిమింది వదినా. ఇంక దాని మొహం చూడను" అనేవాడు.

అప్పుడు మా తోడికోడలికో ఉపాయం తట్టింది. గుడ్డ బిగించిన రింగు ఒకటి ఒళ్ళో పడేసి, సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. "ఈ పువ్వు పూర్తయ్యేదాకా లేచావో చూడు" అంది. అయిదు రేకులు, రెండు ఆకులు, ఒక కాడ. సరిగ్గా అది అయ్యేసరికి కేకు కాలేది. అలా కుదిరిపోయింది. పువ్వు అవగానే ఈయన "అయింది" అనేవాడు, ఆవిడ అవతలి గదిలోంచి కండక్టరులా "రైట్" అని అరిచేది, ఈయన లేచి కేకు దించేవాడు.

మగాడు సూది పట్టాడని వీధంతా నవ్వింది. నేనూ తక్కువ తిన్లేదు. "జాకెట్టు గుడ్డ తెస్తా, హుక్సులు కుట్టిపెడతావా?" అన్నాను. "తే వదినా, కొలతలు మాత్రం అన్నయ్యనే చెప్పమను" అన్నాడు సిగ్గులేనాడు.

నాలుగేళ్ళు నడిచింది. గలేబులు అయిపోయి పెద్ద దుప్పటి మొదలెట్టాడు, తలవైపు నించి వరసలు వరసలుగా. పొద్దున్న కూర తరిగేదీ ఆయనే, సాయంత్రం కేకు చేసేదీ ఆయనే. "ఈ చేతులకి ఇన్ని పనులొచ్చని తెలీక ఒక్క చక్రం పట్టుకుని కూచున్నాను వదినా" అనేవాడు. తన చేత్తో చేసింది నలుగురికీ పెట్టుకోవాలి, అదొక్కటే ఆశ ఆయనకి. ఇంకేం అడగలేదు పాపం.

తరవాత కేకులు మాడ్డం మొదలయ్యాయి.

మొదట అంచులు. తరవాత అడుగంతా. ఓసారి ఇంటినిండా చుట్టాలుండగా తెచ్చి పెట్టాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఇదేంటి, బొగ్గుల కొట్టు పెట్టావా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. "ఓవెన్ పాతబడింది వదినా" అన్నాడు. చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు. నేను చూశాను, పట్టించుకోలేదు.

ఓ రోజు సాయంత్రం వెళ్ళి ఎదురుగా కూచున్నాను. కుడుతున్నాడు. సూది గుడ్డలోకి దిగాల్సిన చోట దిగట్లేదు. పక్కన పడుతోంది, మళ్ళీ పక్కన పడుతోంది. ఎడంచేత్తో కుడిచేతి మణికట్టు గట్టిగా పట్టుకుని అప్పుడు గుచ్చుతున్నాడు. మాడు వాసన గుప్పుమంది.

"ఏమయ్యా, మాడిపోతోంది!"

"ఒక్క రేకు వదినా. ఒక్క రేకు."

"నీ రేకు తగలెయ్య, లేవయ్యా!"

లేవలేదు. మా తోడికోడలు వచ్చి ఓవెన్ కట్టేసింది. ఆవిడకి ఎప్పుడో తెలుసు. బయటికి అంటే నిజమైపోతుందని నోరు మూసుకుంది.

నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఓ కాగితం మీద గుండ్రంగా గీతలు గీయమన్నాడు. మా మరిది గీసింది చూసి కాగితం మడిచి పక్కన పెట్టాడు. "ఇది వణుకుడు రోగం, తగ్గేది కాదు. మందులిస్తే కొన్నాళ్ళు నెమ్మదిస్తుంది, అంతే" అన్నాడు.

ఆవిడ గంట కొట్టే గడియారం కొనుక్కొచ్చింది. ఈయన దాన్ని ముట్టుకోలేదు. ఏం చేశాడనుకున్నారు? పువ్వు చిన్నది చేశాడు. అయిదు రేకులవి నాలుగయ్యాయి. కేకు మళ్ళీ బాగా వచ్చింది, మాకందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాడు. రెణ్ణెల్లకి మళ్ళీ మాడింది. మూడు రేకులు చేశాడు. తరవాత రేకుల్లేవు, ఆకులే. ఆ తరవాత ఒట్టి కాడ. ఆ దుప్పటి పరిచి చూస్తే తలవైపు తోటలా ఉంటుంది, కిందికొచ్చేకొద్దీ ఎండిపోయినట్టు. చివరి వరసలో దారం ఎటు పోయిందో దానికే తెలీదు.

కాడ కుట్టడానికి కూడా కేకు మాడేంత సేపు పట్టిన రోజున రింగు విప్పేశాడు. పిండి గిన్నె అంతకుముందే రెండుసార్లు చేతిలోంచి జారింది. ఎవరూ ఆపమన్లేదు. తనే ఆపేశాడు.

మొన్న వెళ్ళాను. కొట్లో కొన్న కేకు పళ్ళెంలో పెట్టి తెచ్చింది మా తోడికోడలు. నాకో ముక్క ఇచ్చి, ఆయనకి చిన్న ముక్కలు చేసి స్పూనుతో పెడుతోంది. సగం చొక్కా మీద పడుతోంది. ఆయన నావైపే చూస్తున్నాడు.

"ఎలా ఉంది వదినా?"

"బావుందయ్యా."

"ఏదో ఒకటి అను."

"ఏమనమంటావు? బానే ఉందిగా."

"అలా అనకు వదినా" అన్నాడు. మాట కూడా ఇప్పుడు నెమ్మదిగా, ఈడ్చుకుంటూ వస్తోంది. "నువ్వు కూడా మంచిగా మాట్లాడుతున్నావంటే ఇంక నా పని అయిపోయినట్టే."

జన్మలో మాటకి తడుముకున్నదాన్ని కాదు నేను. ఈ నోటికి జడిసి మా అత్తగారే పక్క గదిలోకి పోయేది. అలాంటి నాకు ఎంత వెతికినా ఒక్కటి తట్టలేదు. "నీ మొహం" అన్నాను. అది కూడా మెత్తగానే వచ్చింది.

ఆయన తల దించుకుని నోరు తెరిచాడు. మా తోడికోడలు ఇంకో ముక్క పెట్టింది.