ఏడుగురికి ఒకటే దాక

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆసుపత్రిలో నర్సునైన నా ముందు తలూపి, బయటికెళ్లి ఇష్టమొచ్చినట్టు తినే రోగుల మీద మరీ వస్తుంది. నూకాలు మీద వచ్చినంత కోపం మాత్రం ఇంకెవరి మీదా రాలేదు.

నూకాలు ఫిషింగ్ హార్బర్ మనిషి. మీసం మొలవకముందే బోటెక్కాడు, మనవలు పుట్టినా దిగలేదు. కిడ్నీలు దెబ్బతిని, బీపీ పెరిగి, కాళ్లు వాచి మా దగ్గరికి వచ్చాడు. నా వంతు నేను చెప్పాను. ఉప్పు తగ్గించాలి, ఎండుచేపలు మానాలి, మాత్ర ఒక్కపూట కూడా తప్పకూడదు, నడుం నొప్పికి సొంతంగా బిళ్లలు మింగకూడదు. బీపీ దిగాక డాక్టరుగారు వేటకు వెళ్లనిచ్చారు. తిరిగొచ్చేసరికి మళ్లీ అదే వాపు, అదే బీపీ.

"మాత్రలు చేపలకు వేశారా?" అని అరిచాను.

"లేదమ్మా, అన్నీ ఏసుకున్నాను. ఇంటికాడ నా పెల్లాం గంగాలు సప్పిడి కూరే ఎడతాది. బోట్లో ఏటి సెయ్యను? ఏడుగురికి ఒకటే దాక. నాకు ఏరే వండమంటే జబ్బని తెలిసిపోద్ది. జబ్బు మనిసిని ఏటకి ఎవులు తీసుకెల్తారు?"

నా కోపం చల్లారిపోయింది. నెలలో సగం రోజులు ఆయన తినేది ఆ దాకలోదే. ఇంట్లో ఎంత చప్పగా తిన్నా ఏం లాభం?

"బోటు డ్రైవరుకి మీరే చెప్పండి. పక్కన నేనుంటాను" అన్నాను. భయపడుతూనే సరేనన్నాడు.

బోటు బయల్దేరే రోజు తెల్లారకముందే హార్బరుకి వెళ్లాను. బోటులోకి ఐస్ ఎక్కిస్తున్నారు. డ్రైవరు మోహన్‌ది నూకాలు కొడుకు వయసు. నూకాలు నసుగుతూనే అంతా చెప్పేశాడు. వద్దంటాడేమోనని నాకే భయమేసింది. మోహన్ నావైపు తిరిగాడు.

"ఉప్పు మానేత్తే సాలా, సిస్టరమ్మా?"

"దాకలో వెయ్యకండి. కావాలన్నవాళ్లు కంచంలో కలుపుకోండి. మాత్ర గుర్తుచేయండి. వాపొచ్చినా, ఆయాసమొచ్చినా వెంటనే ఒడ్డుకు తీసుకురండి."

"ఇంతేనా! ఎక్కు మావా" అన్నాడు.

వాళ్లు తిరిగొచ్చాక నూకాలుకి బీపీ చూశాను. నమ్మలేక మరోసారి చూశాను. దిగింది. కాళ్లకు వాపు లేదు. వెంట వచ్చిన మోహన్ సంచిలోంచి ఉప్పు ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని అంచు కూడా చింపలేదు.

"కంచాల్లో కలుపుకోలేదా?"

"మావ ఎదురుగా కూకుని సప్పిడి తింతంటే, మాము ఎలా ఏసుకుంతాం?"

పగలూ రాత్రీ వలలు లాగే ఆరుగురు మనుషులు, ఒక్కడి కోసం ఉప్పు ముట్టలేదు!

నూకాలు కళ్లు తుడుచుకుని, ప్యాకెట్ మోహన్ చేతిలో పెట్టాడు.

"దాయరా. మల్లీ ఏటకి ఇదే సాలు."